భారత ప్రభుత్వ ఆర్థిక మంత్రిత్వ శాఖ: విభాగాలు, అనుబంధ సంస్థలు

కేంద్ర ప్రభుత్వ ఆదాయ వ్యయాలను, అప్పులను, పన్నుల వ్యవస్థను, ప్రభుత్వ యాజమాన్యంలోని బ్యాంకులను, బీమా సంస్థలను పర్యవేక్షించే మంత్రిత్వ శాఖను ఆర్థిక మంత్రిత్వ శాఖ అంటారు. ఆర్థిక వ్యవహారాలు, వ్యయం, రెవెన్యూ, ఆర్థిక సేవలు, పెట్టుబడులు - ప్రభుత్వ ఆస్తుల నిర్వహణ, ప్రభుత్వ రంగ సంస్థలు అనే ఆరు విభాగాలు ఇందులో ఉన్నాయి. ఒక్కొక్క విభాగానికి ఒక కార్యదర్శి అధిపతిగా ఉండగా, అన్నింటికీ పైన కేబినెట్ హోదా కలిగిన ఆర్థిక మంత్రి, ఆయనకు సహాయంగా సహాయ మంత్రులు ఉంటారు. మన పత్రికలు మంత్రిత్వ శాఖనూ, అందులోని విభాగాన్నీ ఒకే తీరుగా ‘శాఖ’ అని రాయడం వల్ల ఈ నిర్మాణం పాఠకులకు సులభంగా అంతుపట్టదు. దానికి తోడు తెలుగు నేలపై ‘రెవెన్యూ’ అనగానే తహసీల్దారు కార్యాలయం, పట్టాదారు పాసుపుస్తకం, సర్వే నంబర్లు గుర్తుకు వస్తాయి. కేంద్రంలోని రెవెన్యూ విభాగానికి భూములతో ఏ సంబంధమూ లేదు, దాని పని పన్నులు. ఈ వ్యాసంలో ‘విభాగం’ అన్న మాటను మంత్రిత్వ శాఖలోని ఆరు భాగాలకే పరిమితం చేయడమైనది.

ఈ వ్యవస్థను అర్థం చేసుకోవడానికి ఒక సూత్రం తోడ్పడుతుంది. డబ్బు వసూలు చేసేవారు, దాని ఖర్చుకు అనుమతి ఇచ్చేవారు, ఆ డబ్బును చెల్లించి లెక్క రాసేవారు, ఆ లెక్కను తనిఖీ చేసేవారు ఒకరే కాకూడదన్నదే ఆ సూత్రం. పల్లెల్లో కరణం, మునసబు పనులు వేరుగా ఉంచిన కాలం నుంచీ ఇది తెలిసిన జాగ్రత్తే. అయితే భారత ఆర్థిక మంత్రిత్వ శాఖ ఈ సూత్రం ప్రకారం ఒక్కసారిగా గీసిన నక్షా కాదు. ఏ అవసరానికి ఆ కార్యాలయం పుట్టుకొచ్చి, తరువాత ఒక విభాగం నుంచి మరొక విభాగానికి మారుతూ, కొన్ని చోట్ల సూత్రాన్ని పాటిస్తూ, కొన్ని చోట్ల దాన్ని పక్కన పెడుతూ ఏర్పడిన కట్టడం ఇది.

పుట్టుక, రాజ్యాంగ పునాది

1857 తిరుగుబాటును అణచడానికి అయిన ఖర్చు బ్రిటిష్ ఇండియా ఖజానాను కుంగదీసింది. ఆ లోటు పూడ్చడానికి వైస్రాయి కౌన్సిల్లో తొలి ఆర్థిక సభ్యుడిగా వచ్చిన జేమ్స్ విల్సన్ 1860లో భారతదేశపు మొదటి బడ్జెట్‌ను సమర్పించి, ఆదాయపు పన్నును ప్రవేశపెట్టాడు. లండన్‌లో ‘ది ఎకనమిస్ట్’ పత్రికను స్థాపించిన ఈయన కలకత్తాలో ఏడాదైనా నిలవకుండా 1860 ఆగస్టులో మరణించాడు. అయినా ఖర్చును ముందే అంచనా వేసి, దానికి తగిన రాబడిని ఏడాదికొకసారి ప్రకటించే పద్ధతి ఆయనతోనే స్థిరపడింది. 1946లో ఏర్పడిన తాత్కాలిక ప్రభుత్వంలో లియాఖత్ అలీ ఖాన్ ఆర్థిక బాధ్యతలు నిర్వహించగా, స్వతంత్ర భారతపు తొలి ఆర్థిక మంత్రి ఆర్.కె. షణ్ముఖం చెట్టి 1947 నవంబరు 26న బడ్జెట్‌ను సమర్పించాడు.

మంత్రిత్వ శాఖలు ఎన్ని ఉండాలో, ఏ పని ఎవరు చేయాలో రాజ్యాంగం చెప్పలేదు. 77వ అధికరణంలోని మూడవ ఖండం కింద రాష్ట్రపతి రూపొందించిన 1961 నాటి పని కేటాయింపు నియమాలు ఆ పంపకాన్ని చేస్తాయి. వీటిని మార్చడానికి పార్లమెంటు చట్టం అవసరం లేదు గనుక విభాగాలు తరచుగా అటూ ఇటూ కదులుతుంటాయి. ఆర్థిక వ్యవహారాల విభాగంలో భాగంగా ఉన్న బ్యాంకింగ్, బీమా పనులు 2007లో ఆర్థిక సేవల విభాగమయ్యాయి. ప్రభుత్వ రంగ సంస్థల బ్యూరో 1965లో ఆర్థిక మంత్రిత్వ శాఖలోనే పుట్టి, 1985లో పరిశ్రమల వైపు వెళ్లి, 2021 జులైలో మళ్లీ పుట్టింటికి చేరింది. ఇటువంటి మార్పుల్లో పరిపాలనా తర్కం ఎంత, రాజకీయ సౌలభ్యం ఎంత అన్నది ప్రతిసారీ విడిగా చూడవలసిన విషయం.

ప్రతి విభాగంలోనూ కార్యదర్శి, అదనపు కార్యదర్శి, సంయుక్త కార్యదర్శి, డైరెక్టర్ లేదా ఉప కార్యదర్శి, అండర్ సెక్రటరీ, సెక్షన్ అధికారి అనే వరుస ఉంటుంది. ఈ కార్యదర్శులలో సీనియర్ అయినవారిని ‘ఆర్థిక కార్యదర్శి’ అని పిలవడం ఆనవాయితీ. ఆ పేరుతో ప్రత్యేక విభాగమేదీ లేదు. ఆంధ్రప్రదేశ్ కేడర్ ఐఏఎస్ అధికారి దువ్వూరి సుబ్బారావు 2007-08లో ఈ పదవిలో ఉండి, అక్కడి నుంచి రిజర్వు బ్యాంకు గవర్నరుగా వెళ్లారు. ఈ సచివాలయ భాగానికి వెలుపల అనుబంధ కార్యాలయాలు, అధీన కార్యాలయాలు, చట్టం ద్వారా ఏర్పడిన సంస్థలు, ప్రభుత్వ కంపెనీలు ఉంటాయి. అనుబంధ కార్యాలయం విధానానికి కావలసిన సాంకేతిక సహాయం ఇస్తుంది, అధీన కార్యాలయం క్షేత్రంలో పని చేస్తుంది. చట్టబద్ధ సంస్థకు తనను పుట్టించిన చట్టమే పరిధి, కంపెనీకి కంపెనీల చట్టమే దారి. ఒక సంస్థ మంత్రిత్వ శాఖ మాటను ఎంతవరకు వినాలో ఈ తరగతిని బట్టే తేలుతుంది.

ఆర్థిక వ్యవహారాల విభాగం

బడ్జెట్‌ను తయారు చేసేది ఈ విభాగంలోని బడ్జెట్ డివిజన్. రాజ్యాంగంలోని 112వ అధికరణం ‘వార్షిక ఆర్థిక నివేదిక’ అన్న మాటనే వాడింది. ‘బడ్జెట్’ అన్న పదం అందులో లేదు. ప్రభుత్వానికి వచ్చే పన్నులు, తెచ్చుకునే అప్పులు అన్నీ 266వ అధికరణం ప్రకారం సంఘటిత నిధిలో చేరుతాయి. పార్లమెంటు అనుమతి లేకుండా దానిలోంచి ఒక్క రూపాయి కూడా తీయరాదు. భవిష్య నిధి, చిన్న పొదుపుల వంటి ప్రజల సొమ్ము ప్రభుత్వం ధర్మకర్తగా ఉంచే ప్రభుత్వ ఖాతాలోకి వెళుతుంది. అనుకోని అవసరాలకు 267వ అధికరణం కింద ఆగంతుక నిధి ఉంది, దాని పరిమాణాన్ని 2021లో 500 కోట్ల రూపాయల నుంచి 30,000 కోట్లకు పెంచారు.

బడ్జెట్ పని ఆగస్టు, సెప్టెంబరు మాసాలలో అన్ని మంత్రిత్వ శాఖలకు పంపే సర్క్యులర్‌తో మొదలవుతుంది. తరువాత వ్యయ విభాగంతో చర్చలు, పరిశ్రమలు, రైతు సంఘాలు, కార్మిక సంఘాలతో సంప్రదింపులు జరుగుతాయి. చివరి దశలో రెవెన్యూ విభాగం పన్ను ప్రతిపాదనలను రహస్యంగా జోడిస్తుంది. 1950లో బడ్జెట్ వివరాలు ముందే బయటికి పొక్కిన తరువాత ముద్రణ రాష్ట్రపతి భవన్‌ను విడిచిపెట్టింది. 1980 నుంచి నార్త్ బ్లాక్ నేలమాళిగలోని ముద్రణాలయంలో సాగింది. హల్వా వండి పంచిన తరువాత సంబంధిత సిబ్బంది బడ్జెట్ ప్రసంగం అయ్యేదాకా బయటికి రాకుండా లోపలే ఉండిపోవడం వార్తాచిత్రాలకు బాగా పనికివచ్చే ఆచారం. 2021 నుంచి పత్రాలు ఎలక్ట్రానిక్ రూపంలోకి మారినా అది కొనసాగుతోంది. పరిపాలనాపరంగా చూస్తే దానికన్నా చాలా ముఖ్యమైన మార్పు 2017లో జరిగింది. అప్పటిదాకా ఫిబ్రవరి చివరి రోజున సమర్పించే బడ్జెట్‌కు మే మాసం దాకా ఆమోదం పూర్తయ్యేది కాదు. మొదటి రెండు నెలల ఖర్చుకు ఓటాన్ అకౌంట్ అనే తాత్కాలిక అనుమతి తీసుకుని, అసలు నిధులు విడుదలయ్యేసరికి వానాకాలం వచ్చేది. ఫిబ్రవరి 1కి తేదీని ముందుకు జరపడంతో ఏప్రిల్ 1 నుంచే పనులకు డబ్బు అందే అవకాశం ఏర్పడింది. 1924 నుంచి వేరుగా నడిచిన రైల్వే బడ్జెట్‌ను, ప్రణాళిక - ప్రణాళికేతర వ్యయాల విభజనను కూడా అదే ఏడాది తొలగించారు.

అప్పుల వ్యవహారం కూడా ఈ విభాగానిదే. ఏటా ఎంత అప్పు తేవాలో ఇక్కడ నిర్ణయిస్తారు. బాండ్లను వేలం వేసేది మాత్రం ప్రభుత్వ బ్యాంకరైన రిజర్వు బ్యాంకు. అప్పుల నిర్వహణకు రిజర్వు బ్యాంకుతో సంబంధం లేని స్వతంత్ర సంస్థ కావాలన్న ప్రతిపాదనను 2015లో బిల్లుదాకా తెచ్చి వెనక్కి తీసుకున్నారు. తరువాతి ఏడాది ఈ విభాగంలోనే ఒక చిన్న రుణ నిర్వహణ సెల్ ఏర్పాటు చేసుకున్నారు. 2025-26 బడ్జెట్ అంచనాలలో మొత్తం వ్యయం 50.65 లక్షల కోట్ల రూపాయలు కాగా వడ్డీ చెల్లింపులకే 12.76 లక్షల కోట్లు, అంటే నాలుగింట ఒక వంతు పోతోంది. ఈ వడ్డీ సంఘటిత నిధిపై నేరుగా భారం మోపిన వ్యయం కాబట్టి దీనిపై పార్లమెంటు చర్చించవచ్చునే గాని ఓటు వేయదు.

ముఖ్య ఆర్థిక సలహాదారు కార్యాలయం ఏటా బడ్జెట్‌కు ముందు ఆర్థిక సర్వేను వెలువరిస్తుంది. ప్రపంచ బ్యాంకు, ఆసియా అభివృద్ధి బ్యాంకులతో వ్యవహారాలు, పెట్టుబడి మార్కెట్ల విధానం, విదేశీ మారక నియమాలు కూడా ఈ విభాగం పరిధిలోనివి. స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 1988లో ఏర్పడి, 1992 చట్టంతో అధికారాలు పొందింది. దైనందిన నిర్ణయాల్లో అది స్వతంత్రమే అయినా దాని చట్టాన్ని సవరించే ప్రతిపాదన ఈ విభాగం ద్వారానే పార్లమెంటుకు చేరుతుంది.

నాణేలు, నోట్ల విషయంలో ప్రజలకు తెలియని ఒక విశేషం ఉంది. రెండు రూపాయలు, అంతకు పైబడిన నోట్లు రిజర్వు బ్యాంకువి. ఒక రూపాయి నోటు మాత్రం భారత ప్రభుత్వానిది. దానిపై గవర్నరు సంతకానికి బదులు ఆర్థిక కార్యదర్శి సంతకం ఉంటుంది. చట్టం దృష్టిలో అది కాగితం మీది నాణెం. నాణేలు, భద్రతా పత్రాలు ముద్రించే తొమ్మిది కర్మాగారాలను 2006లో ఒక ప్రభుత్వ కంపెనీ కిందికి తెచ్చారు. ముంబయి, కోల్‌కతా, నోయిడాలతో పాటు హైదరాబాదు టంకశాల వీటిలో ఒకటి. నిజాం కాలంలో 1903లో సైఫాబాద్‌లో స్థిరపడిన ఆ టంకశాల 1997లో చర్లపల్లికి తరలింది. పాత భవనం ఇప్పుడు ప్రదర్శనశాల.

వ్యయ విభాగం

మిగతా మంత్రిత్వ శాఖలు మనసులో కాస్త నొచ్చుకుంటూ తలచుకునే విభాగం ఇది. ఏ పథకానికైనా, ఏ కొత్త ఉద్యోగానికైనా ఇక్కడ అనుమతి కావాలి. ప్రతి మంత్రిత్వ శాఖలోనూ ఒక ఆర్థిక సలహాదారు ఉంటారు. ఆయన ఆ శాఖ కార్యదర్శికి లోబడి పని చేస్తూనే వ్యయ విభాగానికి కూడా జవాబుదారీగా ఉంటారు. ఈ ద్వంద్వ విధేయత కావాలని పెట్టినదే. ఖర్చు పెట్టాలన్న ఉత్సాహం ఉన్నచోటే లెక్క అడిగే మనిషి కూర్చుని ఉండాలన్నది దాని ఉద్దేశం.

ఒక పథకపు ప్రయాణాన్ని గమనిస్తే ఈ యంత్రాంగం స్పష్టపడుతుంది. వ్యవసాయ మంత్రిత్వ శాఖ ఒక పెద్ద పథకాన్ని ప్రతిపాదించిందనుకుంటే, మొదట దాన్ని ఆ శాఖ ఆర్థిక సలహాదారు పరిశీలిస్తారు. పెద్ద మొత్తమైతే వ్యయ ఆర్థిక కమిటీ ముందుకు వెళ్లి, అక్కడ ఇతర శాఖల అభ్యంతరాలు విన్న తరువాత కేబినెట్‌కు చేరుతుంది. కేబినెట్ ఒప్పుకున్నా డబ్బు వచ్చినట్టు కాదు. అది బడ్జెట్‌లో గ్రాంట్ల పద్దుగా చేరాలి, లోక్‌సభ ఆ పద్దుకు ఓటు వేయాలి, ద్రవ్య వినిమయ బిల్లు చట్టం కావాలి. పార్లమెంటులో కాలం చాలక చాలా పద్దులు చర్చ లేకుండానే ‘గిలెటిన్’ అనే పద్ధతిలో ఒక్కసారిగా ఆమోదం పొందుతాయన్నది వేరే సంగతి. ఆ తరువాత శాఖకు చెందిన చెల్లింపులు, లెక్కల కార్యాలయం బిల్లును పరీక్షించి, ప్రభుత్వ ఆర్థిక నిర్వహణ వ్యవస్థ అనే కంప్యూటర్ వేదిక ద్వారా చెల్లింపు ఆదేశం పంపితే, డబ్బు లబ్ధిదారు ఖాతాలో పడుతుంది. ఊళ్లో రైతు సెల్‌ఫోన్‌కు వచ్చే పీఎం కిసాన్ సందేశం వెనుక ఇన్ని చేతులు ఉంటాయి.

ఈ చెల్లింపులు, లెక్కల కార్యాలయాలన్నింటికీ పై అధికారి కంట్రోలర్ జనరల్ ఆఫ్ అకౌంట్స్. 1976 వరకు కేంద్రం లెక్కలు రాయడం, వాటిని తనిఖీ చేయడం రెండూ కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్, అంటే కాగ్ యంత్రాంగమే చేసేది. రాసినవారే తప్పులు పట్టడంలోని అసంబద్ధతను గుర్తించి ఆ ఏడాది లెక్కలను ఆడిట్ నుంచి విడదీసి, అందుకోసం సివిల్ అకౌంట్స్ సర్వీసును ఏర్పరిచారు. రాష్ట్రాలలో ఆ విభజన జరగలేదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాల లెక్కలను నేటికీ కాగ్ కింద పనిచేసే అకౌంటెంట్ జనరల్ కార్యాలయాలే కూర్చుతాయి.

ప్రభుత్వ కొనుగోళ్లను నడిపే సాధారణ ఆర్థిక నియమావళిని ఈ విభాగం జారీ చేస్తుంది, ప్రస్తుతం అమల్లో ఉన్నది 2017 నాటిది. ఉద్యోగుల వేతన సంఘాల సిఫారసుల అమలు, రాష్ట్రాలకు ఆర్థిక సంఘం సూచించిన గ్రాంట్ల విడుదల కూడా దీని పనులే.

రెవెన్యూ విభాగం

ఆర్థిక మంత్రిత్వ శాఖలో సామాన్యుడికి ఎదురయ్యే ముఖం ఇదే. దీనికి రెండు చేతులు: ప్రత్యక్ష పన్నుల కేంద్ర బోర్డు, పరోక్ష పన్నులు - కస్టమ్స్ కేంద్ర బోర్డు. ఆదాయపు పన్నులాగా భారం మోసేవారే కట్టేది ప్రత్యక్ష పన్ను. వస్తువు ధరలో కలిసి అంతిమంగా కొనుగోలుదారుపై పడేది పరోక్ష పన్ను. 1924 నుంచి ఈ రెండింటికీ ఒకే కేంద్ర రెవెన్యూ బోర్డు ఉండేది. 1963 చట్టం ప్రకారం 1964 జనవరి 1న దాన్ని రెండుగా చీల్చారు. ఒక్కో బోర్డుకు ఒక అధ్యక్షుడు, సభ్యులు ఉంటారు. వీరు ఇండియన్ రెవెన్యూ సర్వీసు నుంచి వస్తారు. వారిపై ఉండే రెవెన్యూ కార్యదర్శి మాత్రం సాధారణంగా ఐఏఎస్ అధికారి. పన్నుల నిపుణులకూ సాధారణ పరిపాలకులకూ మధ్య నడిచే ఈ పాత పేచీని పరిష్కరించడానికి పార్థసారథి షోమ్ అధ్యక్షతన ఏర్పడిన పన్ను పరిపాలనా సంస్కరణల సంఘం 2014లో రెవెన్యూ కార్యదర్శి పదవినే తీసివేయాలని, కాలక్రమేణా రెండు బోర్డులను కలిపివేయాలని సూచించింది. ఆ సిఫారసు అమలుకు నోచుకోలేదు. ఏ ప్రభుత్వమూ దాన్ని మనస్ఫూర్తిగా చేపట్టలేదని చెప్పవచ్చు.

ఆదాయపు పన్ను యంత్రాంగంలో ప్రధాన చీఫ్ కమిషనర్ మొదలు చీఫ్ కమిషనర్, కమిషనర్, సంయుక్త, ఉప, సహాయ కమిషనర్లు, ఆదాయపు పన్ను అధికారి, ఇన్‌స్పెక్టర్ అనే వరుస ఉంటుంది. రెండు తెలుగు రాష్ట్రాల ప్రాంతీయ అధిపతి కార్యాలయం హైదరాబాదులో ఉంది. రిటర్నుల ప్రాథమిక పరిశీలన బెంగళూరులోని కేంద్రంలో యంత్రాల ద్వారా జరుగుతుంది. లోతైన పరిశీలన కూడా ఇప్పుడు అధికారి, పన్నుదారు ఒకరినొకరు చూడకుండా సాగే పద్ధతికి మారింది. ఈ శాఖ ఇన్నాళ్లూ ఆధారపడిన 1961 చట్టం స్థానంలో 2025లో చేసిన కొత్త ఆదాయపు పన్ను చట్టానికి 2026 ఏప్రిల్ 1ని అమలు తేదీగా నిర్ణయించారు. పన్ను వివాదాలను తీర్చే ఆదాయపు పన్ను అప్పిలేట్ ట్రిబ్యునల్ మాత్రం న్యాయ మంత్రిత్వ శాఖ కింద ఉంది. పన్ను వేసిన శాఖే న్యాయమూర్తి కుర్చీని కూడా అదుపులో పెట్టుకోరాదన్న వివేకం అక్కడ కనిపిస్తుంది. అదే వివేకం కస్టమ్స్, ఎక్సైజ్ ట్రిబ్యునల్ విషయంలో పని చేయలేదు, అది నేటికీ రెవెన్యూ విభాగం ఛాయలోనే ఉంది.

2017 జులై 1న వస్తు సేవల పన్ను, అంటే జీఎస్టీ వచ్చినప్పటి నుంచి పరోక్ష పన్నుల నిర్ణయాధికారం ఆర్థిక మంత్రిత్వ శాఖ ఒక్కదాని చేతిలో లేదు. 101వ రాజ్యాంగ సవరణ తెచ్చిన 279ఎ అధికరణం కింద ఏర్పడిన జీఎస్టీ మండలిలో కేంద్ర ఆర్థిక మంత్రి అధ్యక్షుడు, రాష్ట్రాల మంత్రులు సభ్యులు. కేంద్రం ఓటుకు మూడింట ఒక వంతు, రాష్ట్రాలన్నింటి ఓట్లకు కలిపి మూడింట రెండు వంతుల బరువు ఉంటుంది. తీర్మానం నెగ్గాలంటే నాలుగింట మూడు వంతుల మద్దతు కావాలి. ఈ లెక్క ప్రకారం కేంద్రం కాదంటే ఏదీ జరగదు, రాష్ట్రాలను కాదని కేంద్రమూ ఏదీ చేయలేదు. మండలి దాదాపు ఎప్పుడూ ఏకాభిప్రాయంతోనే నడిచినా, 2019 డిసెంబరులో లాటరీలపై పన్ను విషయంలో ఓటింగు జరిగింది. 2025 సెప్టెంబరు 22 నుంచి ప్రధాన రేట్లను 5, 18 శాతాలకు కుదించి, విలాస, హానికర వస్తువులకు 40 శాతం ఉంచారు.

జీఎస్టీని కేంద్ర అధికారులు, రాష్ట్ర వాణిజ్య పన్నుల అధికారులు ఇద్దరూ అమలు చేస్తారు. ఏడాదికి కోటిన్నర రూపాయల లోపు వ్యాపారం చేసేవారిలో 90 శాతం మందిని రాష్ట్రాలకు, అంతకు మించినవారిని చెరి సగం పంచుకున్నారు. అందువల్ల విజయవాడ బీసెంట్ రోడ్డులో పక్కపక్కనే ఉన్న రెండు దుకాణాల్లో ఒకటి కేంద్ర అధికారి పరిధిలోనూ, మరొకటి రాష్ట్ర అధికారి పరిధిలోనూ ఉండవచ్చు. పరోక్ష పన్నుల సర్వీసు అధికారులకు శిక్షణ ఇచ్చే జాతీయ అకాడమీకి శ్రీసత్యసాయి జిల్లా పాలసముద్రం వద్ద కట్టిన విశాలమైన ప్రాంగణం 2024 జనవరిలో ప్రారంభమైంది.

రెవెన్యూ విభాగం కిందనే దర్యాప్తు సంస్థలు కూడా ఉన్నాయి. దొంగ రవాణాను పట్టే రెవెన్యూ ఇంటెలిజెన్స్ డైరెక్టరేట్ 1957లో పుట్టింది. అనుమానాస్పద లావాదేవీల సమాచారాన్ని బ్యాంకుల నుంచి సేకరించి విశ్లేషించే ఫైనాన్షియల్ ఇంటెలిజెన్స్ యూనిట్‌ను 2004లో నెలకొల్పారు. వీటన్నింటికన్నా పత్రికల మొదటి పేజీకి ఎక్కువగా ఎక్కేది ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్, వాడుకలో ఈడీ. విదేశీ మారక నియమాల ఉల్లంఘనలు చూడడానికి 1956లో ఆర్థిక వ్యవహారాల విభాగంలో ఒక చిన్న యూనిట్‌గా మొదలైన ఇది 1960లో రెవెన్యూ విభాగానికి మారింది. 2005 జులై 1న అమల్లోకి వచ్చిన మనీలాండరింగ్ నిరోధక చట్టం దీనికి అరెస్టు చేసే, ఆస్తులు జప్తు చేసే అధికారాలు ఇచ్చాక దీని రూపురేఖలే మారిపోయాయి. ఈడీని, సీబీఐని ఒకే శ్వాసలో చెప్పడం అలవాటైపోయింది గాని, సీబీఐ సిబ్బంది వ్యవహారాల మంత్రిత్వ శాఖ కిందిది. ఒక పన్నుల విభాగం నీడలో ఇంతటి పోలీసు తరహా అధికారం ఉండడం చరిత్ర వల్ల జరిగినదే తప్ప, ఎవరో ఆలోచించి పెట్టినది కాదు.

నల్లమందు సంగతి కూడా అటువంటిదే. ఈస్టిండియా కంపెనీ కాలం నుంచి నల్లమందు ఖజానాకు ఆదాయ వనరు కావడం వల్ల, మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ రైతులకు గసగసాల సాగు లైసెన్సులిచ్చే గ్వాలియర్‌లోని సెంట్రల్ బ్యూరో ఆఫ్ నార్కోటిక్స్, ఘాజీపూర్, నీమచ్‌లలోని నల్లమందు కర్మాగారాలు రెవెన్యూ విభాగం కిందనే మిగిలిపోయాయి. మత్తుమందుల రవాణాను అరికట్టే నార్కోటిక్స్ కంట్రోల్ బ్యూరో మాత్రం హోం మంత్రిత్వ శాఖలో ఉంది.

ఆర్థిక సేవల విభాగం

ప్రభుత్వ బ్యాంకులు, బీమా సంస్థలు, పింఛను నిధుల వ్యవహారాలు ఈ విభాగం చూస్తుంది. 1969లో 14, 1980లో 6 బ్యాంకులను జాతీయం చేయడంతో ప్రభుత్వం పెద్ద బ్యాంకరుగా మారింది. భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో మచిలీపట్నంలో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు రెండవ విడతలో జాతీయమై, 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమైంది. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ అంతకు మూడేళ్ల ముందే భారతీయ స్టేట్ బ్యాంకులో కలిసిపోయింది. ఇప్పుడు మిగిలిన ప్రభుత్వ బ్యాంకులు పన్నెండు. నాబార్డు, సిడ్బి, ఎగ్జిమ్ బ్యాంకు, జీవిత బీమా సంస్థ, గ్రామీణ బ్యాంకులు, బాకీల వసూలు ట్రిబ్యునళ్లు కూడా దీని పరిధిలోనివే. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ప్రధాన కార్యాలయం హైదరాబాదులో ఉండడం ఢిల్లీ, ముంబయిల చుట్టూ తిరిగే ఈ వ్యవస్థలో అరుదైన మినహాయింపు.

ముందు చెప్పిన సూత్రం ఎక్కువగా చెదిరేది ఈ విభాగంలోనే. బ్యాంకుకు యజమాని ప్రభుత్వం, డైరెక్టర్ల నియామకంలో మాట ప్రభుత్వానిది, జన్‌ధన్ ఖాతాలు తెరవమని, ముద్ర రుణాలు ఇవ్వమని లక్ష్యాలు పెట్టేది కూడా ప్రభుత్వమే. బ్యాంకు సక్రమంగా నడుస్తోందో లేదో చూసే బాధ్యత రిజర్వు బ్యాంకుది. ఉన్నత పదవులకు పేర్లు సూచించడానికి 2016లో బ్యాంక్స్ బోర్డు బ్యూరోను, 2022లో దాని స్థానంలో మరొక బ్యూరోను ఏర్పరచినా, తుది నిర్ణయం ప్రభుత్వం వద్దనే ఉండిపోయింది.

అమ్మకాలు, యాజమాన్యం

ప్రభుత్వ కంపెనీలలో వాటాల అమ్మకం కోసం 1999 డిసెంబరులో ఏర్పడిన పెట్టుబడుల ఉపసంహరణ విభాగం 2016లో పెట్టుబడులు - ప్రభుత్వ ఆస్తుల నిర్వహణ విభాగంగా కొత్త పేరు తీసుకుంది. ఆంగ్ల పేరులోని తొలి అక్షరాలు కలిసి ‘దీపం’ అవుతాయి. ఎయిర్ ఇండియాను 2022 జనవరిలో టాటాలకు అప్పగించడం, అదే ఏడాది మే నెలలో జీవిత బీమా సంస్థలో 3.5 శాతం వాటా అమ్మడం దీని ద్వారానే జరిగాయి. ప్రభుత్వ రంగ సంస్థల విభాగం నవరత్న, మహారత్న హోదాలు, పనితీరు ఒప్పందాలు, యాజమాన్య మార్గదర్శకాలు చూస్తుంది గాని, ఏ కంపెనీకీ యజమాని కాదు.

విశాఖ ఉక్కు కర్మాగారం ఈ పంపకానికి తెలుగువారికి బాగా తెలిసిన ఉదాహరణ. కర్మాగారం ఉక్కు మంత్రిత్వ శాఖది. 2021 జనవరి 27న నూరు శాతం వాటా ఉపసంహరణకు ఆర్థిక వ్యవహారాల కేబినెట్ సంఘం సూత్రప్రాయంగా అంగీకరించిన తరువాత ఆ ప్రక్రియ బాధ్యత దీపానికి వచ్చింది. దీర్ఘకాల ఆందోళనల అనంతరం 2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల రూపాయల పునరుద్ధరణ ప్యాకేజీ ప్రకటించింది. అందులో 10,300 కోట్లు కొత్త వాటా మూలధనం. కార్మికులు ఎవరిని అడగాలన్న ప్రశ్నకు సూటి సమాధానం దొరకకపోవడానికి కారణం ఈ నిర్మాణంలోనే ఉంది.

వెలుపలి గోడలు

ఆర్థిక మంత్రిత్వ శాఖతో నిత్యం పని ఉన్నా దానిలో భాగం కాని సంస్థలు కొన్ని ఉన్నాయి. 1935 ఏప్రిల్ 1న మొదలై, 1949లో జాతీయమైన రిజర్వు బ్యాంకు వీటిలో మొదటిది. దాని చట్టంలోని 7వ సెక్షన్ ప్రజాప్రయోజనం కోసం గవర్నరును సంప్రదించి ఆదేశాలిచ్చే అధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చింది. మంత్రికీ గవర్నరుకూ మధ్య గీత ఎక్కడ ఉండాలన్న వివాదంలో 1957 జనవరిలో బెనెగల్ రామారావు రాజీనామా చేశారు. 2016 నుంచి వడ్డీ రేటును ఆరుగురు సభ్యుల ద్రవ్య విధాన కమిటీ నిర్ణయిస్తోంది, అందులో ముగ్గురు రిజర్వు బ్యాంకు వైపువారు, ముగ్గురు ప్రభుత్వం నియమించినవారు.

కేంద్ర పన్నులలో రాష్ట్రాల వాటాను తేల్చే ఆర్థిక సంఘం 280వ అధికరణం కింద రాష్ట్రపతి నియమించే రాజ్యాంగ సంస్థ. పేరులో ‘ఆర్థిక’ అని ఉన్నంత మాత్రాన ఇది మంత్రిత్వ శాఖ కార్యాలయం కాదు. నాలుగవ సంఘానికి పి.వి. రాజమన్నార్, ఆరవదానికి కాసు బ్రహ్మానందరెడ్డి, పద్నాలుగవదానికి యాగా వేణుగోపాలరెడ్డి అధ్యక్షులు. రాష్ట్రాల వాటాను 32 నుంచి 42 శాతానికి పెంచాలని సూచించినది ఈ చివరి సంఘమే. జమ్మూ కశ్మీర్ కేంద్రపాలిత ప్రాంతం కావడంతో పదిహేనవ సంఘం దాన్ని 41 శాతంగా సరిచేసి, ఆ మొత్తంలో ఆంధ్రప్రదేశ్‌కు 4.047, తెలంగాణకు 2.102 శాతం నిర్ణయించింది.

చివరి కాపలా కాగ్‌ది. రాజ్యాంగం 148 నుంచి 151 వరకు గల అధికరణాల కింద స్వతంత్రంగా పనిచేసే ఈ అధికారి, ఆర్థిక మంత్రిత్వ శాఖతో సహా ప్రతి శాఖ ఖర్చునూ పరిశీలించి, నివేదికను రాష్ట్రపతి ద్వారా పార్లమెంటు ముందుంచుతాడు. దానిని చర్చించే ప్రభుత్వ లెక్కల సంఘంలో లోక్‌సభ నుంచి 15 మంది, రాజ్యసభ నుంచి 7 మంది సభ్యులు ఉంటారు. మంత్రులెవరూ ఉండకూడదు. 1967లో మీనూ మసానీతో మొదలుకొని ఈ సంఘానికి ప్రతిపక్ష సభ్యుడు అధ్యక్షుడుగా ఉండడం ఆనవాయితీగా వస్తోంది.